అడిగేవాళ్ళు లేని చోట దేవునికి భయపడడం ఎలా

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఏ సంఘంలో కూర్చున్నా, "మనలో దేవుని భయం తగ్గిపోయింది" అన్న మాట తరచుగా వినబడుతుంది. తల ఊపుతాం, ఆమేన్ అంటాం, ఇంటికొచ్చి అన్నం తింటాం. ఆ భయం ఎలా వస్తుందో, వస్తే సోమవారం పొద్దున అంగట్లో, ఆఫీసులో, ఆటో స్టాండులో మనచేత ఏం చేయిస్తుందో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. "భయం రమ్మంటే వస్తుందా, అన్నా?" అని యవ్వనస్థుల కూటాల్లో పిల్లలు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే.

రమ్మంటే రాదు. నేర్చుకుంటే వస్తుంది. బైబిలు దీన్ని నేర్పే విషయంగానే చూస్తుంది. 34వ కీర్తనలో దావీదు పిల్లల్ని దగ్గరికి పిలిచి యెహోవాయందలి భక్తి నేర్పిస్తానంటాడు. ద్వితీయోపదేశకాండం 31లో మోషే, ఏడేళ్ళకొకసారి ఆడా మగా, పిల్లలు, ఊళ్ళో ఉన్న పరదేశులు అందరినీ పోగుచేసి ధర్మశాస్త్రం చదివి వినిపించమంటాడు. ఎందుకంటే, విని భయపడడం నేర్చుకోవడానికి. నేర్చుకునేదైతే దానికి ఒక వరస ఉంటుంది. నాకు తెలిసిన వరస ఇది.

మీలో ఇప్పుడున్న భయం ఏదో ముందు తేల్చుకోండి

దేవుని భయం అని మనం అనేదాంట్లో రెండు వేర్వేరు భయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి మనిషిని దాక్కునేలా చేస్తుంది. ఏదెను తోటలో ఆదాము దేవుని స్వరం విని భయపడి చెట్ల చాటుకు పోయాడు. తలాంతుల ఉపమానంలో మూడో దాసుడిదీ అదే భయం. యజమాని కఠినుడు, విత్తనిచోట కోసేవాడు అని వాడికి గట్టి నమ్మకం. అంత భయమున్నవాడు పని ఇంకా బాగా చేయాలి కదా? చేయలేదు. గుంట తీసి తలాంతును పూడ్చి ఊరుకున్నాడు. మత్తయి 25ను ఈ కంటితో ఒకసారి చదవండి: ముగ్గురిలో భయపడ్డానని చెప్పింది వాడొక్కడే, అప్పగించిన పని చేయనిదీ వాడొక్కడే. దెబ్బలకు భయపడేవాడు దెబ్బ తప్పించుకునే దారి వెతుక్కుంటాడు గానీ లోబడడు.

రెండో భయం యోసేపుది. ఐగుప్తులో తండ్రి లేడు, అన్నలు లేరు, తెలిసిన ముఖం ఒక్కటి లేదు. ఆ రోజు పోతీఫరు ఇంట్లో పనివాళ్ళు కూడా లేరు. పట్టుబడతాననే భయం ఉండాల్సిన పనేలేదు. అయినా, పోతీఫరు భార్య తనతో పడుకొమ్మని మొదట అడిగినప్పుడే అతను చెప్పిన మాట ఒక్కటే: ఇంత ఘోరమైన పని చేసి దేవునికి విరోధంగా ఎట్లా పాపం కట్టుకుంటాను? అతను పరుగెత్తింది పాపం దగ్గర్నుంచి. దేవుని దగ్గర్నుంచి కాదు.

మీది ఏదో తెలుసుకోవడానికి ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఒక వారం పాటు, ఏదైనా తప్పు చేయబోయి ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగారో ఒక్క వాక్యం రాయండి. దొరికిపోతాననా? నలుగురిలో పరువు పోతుందనా? పిల్లాడికి జ్వరమో బండికి యాక్సిడెంటో అవుతుందనా? లేక ఆయన ముందు అది చేయలేకనా? నిజం రాయండి, ఇంకెవరూ చదవరు. ఇంకొకటి కూడా రాయండి: తప్పు జరిగిపోయిన రాత్రి మీరు ప్రార్థన ఎగ్గొట్టారా, ప్రార్థనకే పోయారా? ఎగ్గొడుతుంటే మీలో ఎక్కువగా ఉన్నది ఆదాము భయమే.

అలా తేలితే కుంగిపోవద్దు. "ప్రేమలో భయముండదు" అని యోహాను రాసింది ఈ భయం గురించే. భయం దండనతో కూడినదని అక్కడే చెప్పాడు. పరిపూర్ణ ప్రేమ వెళ్ళగొట్టేది దీన్నే. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం మాత్రం, కదలని రాజ్యాన్ని పొందినవాళ్ళు కృతజ్ఞతతో, వినయ భయభక్తులతో దేవునికి సేవ చేయాలంటుంది. అది పోయే భయం కాదు, పెరగాల్సిన భయం. 19వ శతాబ్దంలో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషను వాళ్ళు మన వైపు నాటిన లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్ళకు ఈ సంగతి చిన్నప్పుడే చెవిన పడి ఉంటుంది. లూథర్ 1529లో ఇళ్ళలో పిల్లలకు నేర్పడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, పది ఆజ్ఞల వివరణలోనూ దేవునికి భయపడడం, దేవుణ్ణి ప్రేమించడం జంటగానే వస్తాయి. ఒకదాన్ని పక్కనపెట్టి ఇంకొకదాన్ని ఆయన ఎక్కడా నేర్పలేదు.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. కొందరిలో ఉన్న దేవుని భయం దేవుడు పెట్టింది కాదు, మనుషులు పెట్టింది. కానుక తగ్గితే ఇంట్లో చావొస్తుందనీ, సేవకుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుందనీ బెదిరించి పెంచిన భయం అది. యెషయా 29లో దేవుడు తన ప్రజల భయభక్తులు మనుషుల విధుల్ని బట్టి నేర్చుకున్నవని బాధపడతాడు. అలాంటి బోధ కింద నలిగినవాళ్ళు మీరైతే, ఈ కిందనే రాసిన క్షమాపణ పని దగ్గరే కొన్ని నెలలు ఉండిపోయినా పరవాలేదు. తొందరపడి ముందుకు రాకండి.

క్షమాపణ దగ్గర మొదలుపెట్టండి

మామూలుగా మనం సీనాయి కొండ దగ్గర, ఉరుముల దగ్గర మొదలుపెడతాం. 130వ కీర్తన ఇంకోచోట మొదలుపెడుతుంది. "అయినను జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకును." క్షమించేశాడు కాబట్టి ఇక భయం లేదు అనాలని మనకు తోస్తుంది. కీర్తనకారుడు క్షమించాడు కాబట్టే భయం అంటున్నాడు. పేతురును చూడండి. గెన్నేసరెతు సరస్సులో అతన్ని మోకాళ్ళమీద పడేసింది గద్దింపు కాదు, రెండు పడవలు మునిగేంత చేపలు. ఆ పేతురే ముసలివాడయ్యాక, పరదేశులుగా ఉన్నంతకాలం భయంతో బతకండని రాశాడు. వెంటనే కారణమూ చెప్పాడు: మిమ్మల్ని విడిపించింది వెండి బంగారాలు కాదు, క్రీస్తు అమూల్యమైన రక్తం. అంత వెల పెట్టి కొన్నవాణ్ణి తేలిగ్గా తీసుకోలేకపోవడమే ఆ భయం.

చేయాల్సింది ఇది. నెల రోజులు, పడుకునేముందు 130వ కీర్తన పైకి వినబడేలా చదవండి. ఎనిమిది వచనాలే. చదివాక, క్రీస్తునుబట్టి దేవుడు మీకు క్షమించిన ఒక పాపాన్ని పేరుపెట్టి చెప్పి, స్తోత్రం చెప్పండి. "నా పాపాలన్నీ" అని గంపగుత్తగా అనొద్దు. ఫలానా వాళ్ళ దగ్గర ఫలానా అబద్ధం, ఫలానా రోజు అమ్మను అన్న మాట, అలా చెప్పండి. పేరు పెట్టినప్పుడే క్షమాపణ బరువు తెలుస్తుంది. చివర్లో 86వ కీర్తన 11వ వచనం మీ ప్రార్థనగా చేసుకోండి: నీ నామానికి భయపడేలా నా హృదయానికి ఏకదృష్టి ఇవ్వు. ఇది అడిగి తెచ్చుకోవాల్సినదే. ప్రజలు నన్ను విడిచిపోకుండా నా భయం వాళ్ళ హృదయాల్లో పెడతానని యిర్మీయా 32లో ఆయనే మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకుని అడగండి.

చేత్తో రాయండి

ద్వితీయోపదేశకాండం 17లో రాజుకు ఒక ఆజ్ఞ ఉంది. సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రాన్ని తనకోసం ఒక ప్రతి రాసుకోవాలి, బతికినన్నాళ్ళూ దాన్ని చదవాలి, దేవునికి భయపడడం నేర్చుకోవడానికి. గుర్రాలు, బంగారం ఉన్నవాడికి కూడా ఇంతకంటే దగ్గరి దారి ఇవ్వలేదు. మీరూ ఒక లాంగ్ నోటుబుక్కు కొనుక్కోండి. యెషయా 6, యెషయా 40, యోబు 38 నుంచి 41, ప్రకటన 1. వీటిని రోజుకు అయిదారు వచనాల చొప్పున రాయండి. మార్కు 4 చివరి భాగం కూడా రాయండి. తుఫానులో కంటే, అది ఆగిపోయాక శిష్యులకు ఎక్కువ భయం వేసింది. ఫోనులో చదివితే కళ్ళు జారిపోతాయి. చెయ్యి అంత తొందరగా జారిపోదు.

లేవీయకాండం చూపించిన అయిదు చోట్లకు వెళ్ళండి

అసలు పని ఇక్కడుంది. ఈ పని చేయకపోతే పై మూడూ ఇంట్లో చేసుకునే భక్తిగానే మిగిలిపోతాయి.

లేవీయకాండంలో "నీ దేవునికి భయపడవలెను" అనే మాట ఒక ఆజ్ఞకు తగిలించి వచ్చే చోట్లు అయిదు. 19వ అధ్యాయంలో రెండు: చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి ముందు అడ్డం వేయొద్దు, తల నెరిసినవాళ్ళ ముందు లేచి నిలబడు. 25వ అధ్యాయంలో మూడు: అమ్మకం కొనుగోళ్ళలో ఒకరినొకరు బాధించొద్దు, బీదవాడైపోయిన నీ సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దు, నీ దగ్గర పనిచేసేవాడిమీద కఠినంగా అధికారం చేయొద్దు. అయిదింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అయిదింటిలోనూ ఎదుటివాడు మిమ్మల్ని అడగలేడు. చెవిటివాడికి మీ తిట్టు వినబడదు. గుడ్డివాడికి రాయి పెట్టింది ఎవరో తెలియదు. అప్పుల్లో ఉన్నవాడు నోరెత్తలేడు. పనివాడికి రేపటి కూలి మీ చేతిలో ఉంది. పోలీసు, చట్టం, పరువు, ఏవీ పనిచేయని చోట దేవుని భయం ఒక్కటే కాపలా. అందుకే ఆ మాట సరిగ్గా అక్కడ ఉంది.

కాబట్టి మీ వారంలో ఈ అయిదు చోట్లు ఎక్కడున్నాయో వెతకండి. ఎవరు మిమ్మల్ని అడగలేరో వాళ్ళ జాబితా రాయండి. అదే మీ పరీక్ష గది.

గుడ్డివాడి ముందు అడ్డం అంటే తిరుపతిలో ఎలా ఉంటుందో చెప్తాను. రాత్రి రెండు గంటలకు రైలు దిగుతుంది ఒక కుటుంబం. తెలుగు రాదు. ముసలమ్మ ఒకావిడ, నిద్రలో ఉన్న పిల్లలు, నాలుగు సంచులు. దర్శనం టోకెన్ల కోసం విష్ణు నివాసానికి పోవాలి. ఆటో దగ్గరికొచ్చి, "భయ్యా, విష్ణు నివాసం కిత్నా?" అని అడుగుతారు. ఊరెరిగిన వాళ్ళకు తెలుసు, విష్ణు నివాసం స్టేషనుకు ఎదురుగానే ఉంది. వాళ్ళకు తెలియదు. ఎక్కించుకుని ఊరంతా తిప్పి తెచ్చి అక్కడే దింపి రెండొందలు తీసుకున్నా, దండం పెట్టి మరీ ఇస్తారు. నాకు తెలిసిన ఒక ఆటో అన్న, మన సంఘస్థుడే, అలా అడిగినవాళ్ళకు వేలితో చూపించి, "సామ్నే హై అమ్మా, రోడ్డు దాటితే చాలు, ఆటో వద్దు" అంటాడు. ముసలమ్మ సంచి తానే మోసి రోడ్డు దాటిస్తాడు. పక్క ఆటోవాళ్ళు ఏమన్నా పట్టించుకోడు. వాళ్ళు వచ్చింది వేరే దేవుడి దర్శనానికి కదా అని ఆయన ఎప్పుడూ లెక్కవేయలేదు. లేవీయకాండం గుడ్డివాడు ఏ కులమో ఏ మతమో అడగలేదు. దారి తెలియని మనిషి ముందు దేవుడు నిలబడి ఉన్నాడని మాత్రం చెప్పింది.

ఆటో మీకు లేకపోవచ్చు. రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో చదువురాని పల్లెటూరి మనిషికి చీటీ చదివి చెప్పే పని మీది కావచ్చు. లాడ్జి కౌంటరు మీది కావచ్చు. సెల్ రిపేరు అంగట్లో ఏ పార్టు మార్చారో కస్టమరుకు ఎన్నటికీ తెలియదు. అడ్డం వేయడం అంత తేలికైన చోటు ఎక్కడుందో మీకే బాగా తెలుసు.

అమ్మకం గురించి చిత్తూరు వైపు వాళ్ళకు వేరే చెప్పాలి. బెల్లం వండేచోట ఒక రాత్రి నిలబడి చూడండి. పెనంలో చెరుకురసం మరుగుతుంటుంది, పైకొచ్చిన మడ్డిని గరిటెతో తీసేస్తుంటారు, పాకం చిక్కబడేకొద్దీ రంగు ముదురుతుంది. అప్పుడు హైడ్రోస్ పొడి కాస్త చల్లితే బెల్లం పసుపుపచ్చగా, మెరిసేలా దిగుతుంది. మండీలో పచ్చటి బెల్లానికే ధర. ముదురు రంగుదానికి పలికేది తక్కువ. ఆహార భద్రతా నిబంధనలు, ఆ పొడి వల్ల బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడు కిలోకు 70 మిల్లీగ్రాములు మించకూడదంటాయి. అర్ధరాత్రి పెనం దగ్గర ఆ మిల్లీగ్రాములు కొలిచేదెవరు? ఆ పొడి చేతిలోకి తీసుకున్న క్షణం లేవీయకాండం 25:17 మీ ముందుంటుంది. ఇది తినేది ఎవరో పసిపిల్ల, ఎక్కడో ఊళ్ళో, ఆమెకు మీ పేరు తెలియదు. నష్టం నిజమైన నష్టమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. అచ్చుకు అచ్చుకు తేడా పడుతుంది, అప్పు తీరడం ఆలస్యమవుతుంది. ముదురు బెల్లం కావాలని వెతుక్కునేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళను వెతకడం మీ పని. దొరికేదాకా ధర తగ్గితే తగ్గనివ్వండి. మామిడికాయలు కొనే ర్యాంపులో కాటా దగ్గర కూర్చునేవాళ్ళకూ, పాల కేంద్రంలో ఫ్యాట్ రాసేవాళ్ళకూ ఇదే మాట. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతల్లో ఉంది. ఆ మాట తూకంలో మీరు రాసే తరుగుకు కూడా వర్తిస్తుంది.

తల నెరిసినవాళ్ళ సంగతి క్లుప్తంగా. ఒకటో తారీకున ఇంటికొచ్చి ఇచ్చే నాలుగువేల పింఛను అవ్వ చేతిలో ఎంతసేపు ఉంటోందో చూడండి. కొడుకో మనవడో "నా దగ్గర పెట్టు అవ్వా" అని తీసుకుని, ఆవిడ మందుబిళ్ళలకు అడిగితే విసుక్కుంటుంటే, ఆ ఇంట్లో ఎంత ప్రార్థన జరిగినా దేవుని భయం లేదు.

వడ్డీ దగ్గర చాలామందికి కోపం వస్తుంది, అయినా రాస్తాను. నెహెమ్యా 5లో, కరువులో పొలాలు తాకట్టుపెట్టి పిల్లల్ని దాస్యానికి ఇచ్చుకున్న జనం గగ్గోలు పెడితే, నెహెమ్యా పెద్దలమీద మండిపడ్డాడు. వాళ్ళు తీసుకుంటున్నది నూరో భాగం. అది నెలకు అని చాలామంది వ్యాఖ్యాతలు చెప్తారు. మన లెక్కలో నూటికి రూపాయి. మన సంఘాల్లో ఒకరికొకరు నూటికి మూడు, నూటికి అయిదు తీసుకుంటున్నవాళ్ళు ఆదివారం పక్కపక్కన కూర్చుని పాట పాడుతున్నారు. తనకంటే ముందున్న అధిపతులు జనం దగ్గర నలభై తులాల వెండి, పైగా ఆహారమూ ద్రాక్షారసమూ లాక్కునేవాళ్ళనీ, తాను మాత్రం దేవుని భయంచేత అలా చేయలేదనీ నెహెమ్యా రాసుకున్నాడు. అలవాటుగా వచ్చే రాబడిని ఆయన వదులుకున్నాడు. వ్యాపారానికి అప్పు తీసుకున్నవాడి సంగతి వేరు. ఆసుపత్రి ఖర్చుకు, పిల్లల ఫీజుకు చేయిచాచిన సహోదరుడి ప్రోనోటు మీ బీరువాలో ఉంటే, ఈ వారమే తీసి చూడండి. అసలు మాత్రం ఇవ్వు చాలు అని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పనివాళ్ళ విషయం: మీ చీరల అంగట్లో అమ్మాయిలు రోజంతా నిలబడే ఉంటారా? పక్కనున్న తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు కల్పించాలని చట్టం చేసింది. మీరు చట్టం కోసం ఆగొద్దు. రేపు నాలుగు స్టూళ్ళు వేయించండి. పరలోకంలో మీకూ యజమాని ఉన్నాడని కొలొస్సయి 4:1 చెప్పింది యజమానులకే.

మనుషుల భయాన్ని పట్టుకుని పేరు పెట్టండి

దేవుని భయం పెరుగుతుంటే దానికి అడ్డొచ్చేది చాలాసార్లు పాపపు కోరిక కాదు, నలుగురి భయం. సౌలు దేవుని మాట మీరింది ఆశచేత మాత్రమే కాదు. జనులకు జడిసి వాళ్ళ మాట విన్నానని అతనే ఒప్పుకున్నాడు. షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు మాత్రం ఫరో ముందు నిలబడీ పిల్లల్ని చంపలేదు. నిర్గమకాండం దానికి చెప్పిన కారణం, వాళ్ళు దేవునికి భయపడ్డారని. సైన్యం లేదు, పదవి లేదు.

ఏదైనా ఆజ్ఞ దగ్గర మీరు ఆగిపోతే, "ఎవరికి జడిసి ఆగాను?" అని అడిగి, ఆ మనిషి పేరు రాయండి. దొంగబిల్లు మీద సంతకం పెట్టమన్న ఆఫీసరా? కట్నం వద్దంటే చిన్నబుచ్చుకునే మేనమామా? "అందరూ తీసుకుంటున్నారు, మనం ఒక్కళ్ళం వద్దంటే పిల్లోడిలో ఏదో లోపముందనుకుంటారు" అని అమ్మ అంటుంది. అమ్మమీద కోప్పడకండి. "నువ్వు చెప్పింది నాకూ తెలుసు మా, అయినా నేను ఆ డబ్బు తీసుకుని మందిరంలో మోకరించలేను" అని చెప్పండి. గొంతు పెంచాల్సిన పని లేదు. మన నిరీక్షణకు కారణం అడిగినవాళ్ళకు సాత్వికంతో, భయంతో జవాబు చెప్పమని పేతురు అన్నాడు. దేవునికి భయపడేవాడు మనుషుల ముందు మొరటుగా ఉండడు.

ఈ ఊళ్ళో ఉండే మనకు ఇంకొక జాగ్రత్త కావాలి. అబ్రాహాము గెరారుకు వెళ్ళి, ఇక్కడ దేవుని భయం ఏమాత్రం లేదనుకుని, ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పాడు. తీరా చూస్తే దేవుని మాట విని భయపడ్డది ఆ ఊరి రాజు, ఆ ఊరి జనం. అబద్ధమాడింది విశ్వాసులకు తండ్రి. ఆదికాండం 20 చదివాక మన ఇరుగుపొరుగు గురించి తేలిగ్గా మాట్లాడలేం. పక్కింటివాళ్ళకు దేవుని భయం లేదని తీర్పు చెప్పకండి. మన మాట నిజమేనా అని వాళ్ళు చూస్తున్నారు.

ఇంట్లో

పిల్లలు తప్పు చేస్తే "కళ్ళు పోతాయ్" అనడం ఈ రోజుతో మానేయండి. అది ఆదాము భయాన్ని నాటడమే. పిల్లలకు దేవుని భయం చూపిస్తేనే వస్తుంది. అంగట్లో చిల్లర ఎక్కువిస్తే వెనక్కి తిరిగిపోయి ఇవ్వండి, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని. మీరు పిల్లమీద అన్యాయంగా అరిస్తే, ఆ పిల్ల ముందే దేవుణ్ణి క్షమాపణ అడగండి, ఆ పిల్లనూ అడగండి. నాన్నకు కూడా పైన ఒకరున్నారని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

భార్యాభర్తల విషయంలో ఎఫెసీ 5:22 గోడలమీద రాసుకునేవాళ్ళు 21ని చదవాలి. క్రీస్తునందలి భయంతో ఒకరికొకరు లోబడి ఉండమని ముందు అక్కడుంది. భర్త కొడుతుంటే భయభక్తుల పేరుతో ఓర్చుకోమని ఏ స్త్రీకీ చెప్పకండి. అడగలేనివాళ్ళను బాధించేవాడికే లేవీయకాండం భయపడమంది. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళు 181కి ఫోను చేయండి, ప్రమాదం ఇప్పుడే ఉంటే 112కి. సంఘపెద్దలు అడ్డుపడితే అడ్డుపడనివ్వండి.

తిరిగి ఇచ్చేయండి

ఇంతవరకు వచ్చినవాళ్ళకు పాతవి గుర్తొస్తాయి. రావాలి కూడా. లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం, మోసంతో తీసుకున్నదాన్ని అసలుకు అయిదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలి. దేవునికి తెచ్చే అర్పణ ఆ లెక్కను కొట్టేయదు. అయిదువందలు తీసుకుని ఉంటే ఆరువందలు ఇవ్వండి. జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు, యేసు ఆయన ఇంటికి వచ్చాడంతే. క్షమాపణ కొనుక్కోవడానికి ఇవ్వకండి, దొరికింది కాబట్టి ఇవ్వండి.

ఎలా ఇవ్వాలంటే: మనిషి దగ్గరికి నేరుగా వెళ్ళండి. "అన్నా, రెండేళ్ళ కింద తూకంలో నీకు తక్కువ రాశాను. ఇదిగో. క్షమించు" అనండి. కారణాలు చెప్పొద్దు. ఆ అన్న తిడితే పడండి. నలుగురికీ చెప్తానంటే చెప్పనివ్వండి. పెద్ద మొత్తమై ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకింత అని కాగితం మీద రాసి ఇవ్వండి. సాక్ష్యం చెప్పడానికి మైకు దగ్గరికి పోవడం దీని తర్వాతి పని, ముందు కాదు.

మనిషి దొరకడు, ఉదాహరణకు పదేళ్ళ కిందట స్టేషను దగ్గర ఎక్కువ తీసుకున్న యాత్రికుడి ఊరూ పేరూ తెలియదు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం దీన్ని కూడా ఆలోచించింది. తీసుకోవడానికి బంధువు కూడా లేకపోతే ఆ సొమ్ము యెహోవాదవుతుంది, యాజకుడికి చేరుతుంది. ఎట్లా చూసినా తీసుకున్నవాడి దగ్గర మాత్రం ఉండదు. అయిదో వంతు కలిపి లెక్క కట్టండి. ఆ డబ్బుతో ఒక సాయంత్రం రుయా దగ్గరికి వెళ్ళండి. పడకమీద ఉన్నవాళ్ళకు తోడుగా పల్లెల నుంచి వచ్చి, ఆరుబయట కూర్చుని ఉంటారు. వాళ్ళకు భోజనం పెట్టించండి, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో తెలియని వాళ్ళకు చీటీ చదివి చెప్పండి, తిరిగి ఊరికి పోయే బస్సు చార్జీ లేనివాళ్ళకు ఇవ్వండి. సంఘం పేరు చెప్పొద్దు, ఫోటో తీయొద్దు. లెక్క పూర్తయ్యేదాకా మళ్ళీ వెళ్ళండి.